అడవి అంచున నాలుగు దినాలు: పిల్లలను సిద్ధపరచడం ఎలా?

పిల్లలను కొన్ని దినాలు అడవి అంచున ఉంచి చెట్టును, నీటిని, పక్షిని శాస్త్రీయంగా పరిశీలింపజేసే ఆవాస శిబిరాల ప్రస్తావన వచ్చినప్పుడు ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల మన తల్లిదండ్రులు అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే. నమాజు ఏమవుతుంది? భోజనం ఎట్లా? ఆడపిల్లకు తోడెవరు? ఇవి న్యాయమైన ప్రశ్నలే. కాని సమాధానం వెదకకుండానే ‘వద్దులే’ అని ముగిస్తే నష్టపోయేది బిడ్డ.

నమాజు విషయం సులభం. గూడబాతులు గూళ్ళు కట్టే నేలపట్టుకు వెళ్ళాలంటే ఉదయగిరి నుండి వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణం. హనఫీ ఫిఖహ్ ప్రకారం అది ప్రయాణపు దూరమే కనుక నాలుగు రకాతుల ఫర్జ్ రెండుగా అవుతుంది. మగ్రిబ్ మూడుగానే ఉంటుంది. ఖిబ్లా దిశను సూర్యుని బట్టి గుర్తించడం ముందే నేర్పితే అదే వారికి తొలి ఖగోళ పాఠమవుతుంది.

అసలు సిద్ధపాటు నీటితో ఆరంభం కావాలని మా అభిప్రాయం. ప్రవక్త (స) ఒక ముద్ద్ నీటితో వుజూ చేసేవారని హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి. నేటి కొలతలో అది ముప్పాతిక లీటరు మొదలు లీటరు వరకు ఉంటుంది. కుళాయి క్రింద బకెట్టు ఉంచి, తాను వుజూకు ఎంత నీరు వాడుతున్నాడో విద్యార్థి చేతనే కొలిపించాలి. ఆ అంకె చూసిన తరువాత ఉపన్యాసం అవసరం ఉండదు. మెట్ట మండలాలవారికి నీటి పాఠం మరింత దగ్గరిది. ఉదయగిరి, వరికుంటపాడు పరిసరాల భూగర్భజలాల్లో ఫ్లోరైడు సమస్య పాతది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించితే ముందు పళ్ళు గారపడతాయి, దీర్ఘకాలంలో ఎముకలు దెబ్బతింటాయి. నీటిని కాచినంత మాత్రాన ఫ్లోరైడు పోదు. ఈ మాట ఇంట్లో పెద్దలకు చెప్పవలసినది కూడా పిల్లలే. పెన్న నీరు నిలిచే సోమశిలకు, రాతి పొరల్లో ఏళ్ళ తరబడి ఊరిన బోరు నీటికి తేడా ఏమిటో వారు శిబిరంలో అడగాలి.

ఇక పరిశీలన. దుర్గం కొండ వాలున ఒక గజం నేలను ఎంచుకొని, నెల రోజులు వారానికొకసారి అక్కడ కనబడినది వ్రాయించాలి. ఇందులో మన విద్యార్థికి ఒక సౌలభ్యం ఉన్నది. హదీసు చదివినవాడు ఎవరు చెప్పారు, ఎవరి నుండి విన్నారు అని సనదును అడగడం నేర్చినవాడు. తన పుస్తకంలో కూడా ‘చూశాను’, ‘విన్నాను’, ‘ఊహించాను’ అని మూడు వరుసలు వేరుచేయాలి. ఇక విన్న మాట చులకన కాదని కలివికోడి కథ చెబుతుంది. 1900 తరువాత జాడ లేక అంతరించిందనుకున్న ఆ పక్షి 1986లో కడప జిల్లాలో మరల వెలుగు చూసినది, అడవి తెలిసిన ఐతన్న అనే గ్రామస్థుని సాయంతో. మన ఉదయగిరిలో చెక్క గరిటెలు చెక్కే కుటుంబాల పిల్లలకు నర్ది, బిక్కి, కల్ది కర్రల గుణాలు చేతివేళ్ళకు తెలుసు. వారు అడవి గురించి ఏమీ తెలియనివారివలె వెళ్ళకూడదు. ఇంట ఉర్దూ పలికే పిల్లలకు చెట్ల పేర్లు రెండు భాషలలోనూ వ్రాసుకోమనడం మంచిది.

భోజనం గురించి నిర్వాహకులకు ముందే వ్రాయాలి. హలాల్ మాంసం కుదరకపోతే శాకాహారం చాలు. ఆడపిల్లలకు వేరు వసతి, రాత్రి వెంట ఉండే ఉపాధ్యాయిని ఎవరు అన్నవి వ్రాతపూర్వకంగా అడగాలి. జవాబు అస్పష్టంగా ఉంటే పంపనవసరం లేదు. స్పష్టమైన జవాబు వచ్చిన తరువాత కూడా కొడుకును పంపి కూతురిని ఆపితే, ఆ అడ్డు శిబిరం పెట్టినది కాదు.

సంచిలో మూసిన చెప్పులకు బదులు బూట్లు, టార్చి, రోజూ వాడే మందులు, నీటి సీసా ఉండాలి. పాము కరిస్తే కోయడం, గట్టిగా కట్టడం, మంత్రం వేయించడం కూడదనీ, కదలకుండా ఉంచి విషానికి విరుగుడు సూది ఉన్న ఆసుపత్రికి తీసుకుపోవాలనీ బయలుదేరే ముందు రాత్రి మరొకసారి పిల్లల చేత చెప్పించుకోవాలి.