స్వతంత్ర విద్వాంసుల తొలినాళ్లు

సంగీతము నేర్చిన యువతీయువకులు పెద్దలను తరచుగా అడుగు ప్రశ్న యొకటి కలదు. "మాకు సంస్థానపు ఆశ్రయము లేదు, సినిమాలో ఎరిగినవారు లేరు. మా పాటను నమ్ముకొని మేము నిలువగలమా? నిలువగలిగినచో ఎక్కడ మొదలుపెట్టవలెను?" అని వారు అడుగుదురు. వారి తలిదండ్రులదియు ఇదే ప్రశ్న. చదువు మాని తంబురా పట్టిన బిడ్డ రేపు ఏమి తినునను భయము వారిది. ఈ భయము నిజమైనది గనుక దీనికి ఉపదేశముతో గాక, జరిగిన సంగతులతో సమాధానము చెప్పుట మేలని తలచుచున్నాము.

ఒక ప్రభువునకు గాని, ఒక సంస్థకు గాని పూర్తిగా కట్టువడక, తాను పాడవలసినదానిని తానే నిర్ణయించుకొను కళాకారుని ఇచ్చట స్వతంత్ర విద్వాంసుడని వ్యవహరించుచున్నాము. అట్టివారు మన తెలుగుదేశమున ఎందరో కలరు. వారిలో కొందరి తొలినాళ్లను పరిశీలింతము.

ముందుగా తలపునకు వచ్చువారు అజ్జాడ ఆదిభట్ల నారాయణదాసు గారు. వారు 1864లో జన్మించిరి. 1883లో విజయనగరమున కుప్పుస్వామి నాయుడను భాగవతులు చెప్పిన హరికథను విని, తామును ఆ మార్గమున నడువ నిశ్చయించుకొని ధ్రువచరిత్రమును రచించి చెప్పిరి. పాఠశాలలో కూర్చుండి వల్లించిన విద్య కాదది. ఒకచోట విన్నదానిని పట్టుకొని, తమకున్న సాహిత్యమును, గానమును, లయజ్ఞానమును, అభినయమును అందు కూర్చి దానిని తమదిగా చేసికొనిరి. కాళ్ల గజ్జెలు, చేతి చిరుతలు, ప్రక్కన మృదంగము, ఎదుట శ్రోతలు ఉన్నచో చాలును; ఏ ఊరి పందిరి అయినను వారికి రంగస్థలమే. రాజులు ఆదరించిరి గాని, రాజాదరణ లేనిచో ఆగిపోవు విద్యగా దానిని వారు ఉంచలేదు.

1919లో విజయనగర ప్రభువులు సంగీత కళాశాలను స్థాపించి, నారాయణదాసు గారిని ప్రథమాధ్యక్షులుగా నియమించిరి. ఆ కళాశాలలో విద్యార్థిగా చేరవలెనని వచ్చినవారిలో ద్వారం వెంకటస్వామి నాయుడు గారొకరు. 1893లో జన్మించిన నాయుడు గారికి చిన్ననాటినుండి చూపు మందము. అన్నగారైన వెంకటకృష్ణయ్య గారివద్ద ఫిడేలు అభ్యసించిరి. వారి వాద్యమును విన్న దాసుగారు, ఈతడు నేర్చుకొనవలసినవాడు కాడు, నేర్పవలసినవాడని గ్రహించి, విద్యార్థిగా వచ్చినవారిని ఆచార్యునిగా నియమించిరి. నాయుడు గారు 1936లో ఆ కళాశాలకే అధ్యక్షులైరి. 1941లో సంగీత కళానిధి బిరుదమును పొందిరి. గాయకుని ప్రక్కన నుండు ఫిడేలునకు ఒంటరిగా కచేరి చేయగల గౌరవమును కల్పించినవారిలో వారు అగ్రగణ్యులు. యోగ్యతాపత్రము లేని ఇంటి సాధన ఎంతవరకు కొనిపోగలదో ఈ కథవలన తెలియుచున్నది. దానిని గుర్తింపగల చెవి యొకటి ఎదుట నుండవలెననియు తెలియుచున్నది.

అందరి ఆరంభమును ఇంత సుగమముగా జరుగలేదు. 1922లో కృష్ణా మండలమున జన్మించిన ఘంటసాల వెంకటేశ్వరరావు గారు చిన్ననాడే తండ్రిని పోగొట్టుకొనిరి. సంగీతము నేర్వవలెనన్న తండ్రి కోరికను మనసున నిలుపుకొని, చేతి ఉంగరము నమ్ముకొని విజయనగరము చేరిరి. అక్కడ పట్రాయని సీతారామశాస్త్రి గారు శిష్యునిగా స్వీకరించి విద్య చెప్పిరి. అన్నమునకై ఆ బాలుడు జోలె పట్టి మధుకరము చేసెను. ఆనాడు విజయనగరమున నిరుపేద విద్యార్థికి తొలి పోషకురాలు, గడపలో నిలిచి జోలెలో పిడికెడన్నము వేసిన ఇల్లాలే. ఘంటసాల వారు తరువాత 1942 ఉద్యమములో కారాగారవాసము చేసి, చెన్నపట్టణము చేరి, చిత్రసీమలో ప్రసిద్ధులైన సంగతి తెలుగువారెల్లరు ఎరుగుదురు. వారి పద్యగానము సినిమా కథను దాటి నిలుచుటకు మూలము ఆ విజయనగరపు శాస్త్రాభ్యాసమేయని మా తలంపు.

ఇక ప్రభావముల మాట. ఒకరిని విని తాను మారుట తప్పా? తన స్వతంత్రతకు లోపమా? క్రొత్తవారిని బాధించు సందేహములలో ఇది యొకటి. దీనికి షేక్ చినమౌలానా సాహెబు గారి జీవితము మంచి సమాధానము. 1924లో ఒంగోలు సమీపమున కరవదిలో నాదస్వరము వంశవిద్యగా గల ఇంట వారు జన్మించిరి. తండ్రియైన కాసిం సాహెబు గారివద్దను, పిమ్మట చిలకలూరిపేటలో ఆదం సాహెబు గారివద్దను అభ్యసించిరి. అటుపై తంజావూరు బాణి వారిని ఆకర్షించెను. టి. ఎన్. రాజరత్నం పిళ్లె గారి రాగాలాపన వారికి ఆదర్శమయ్యెను. విని అనుకరించుటతో తృప్తిపడక, నాచ్చియార్‌కోవిల్‌కు చెందిన రాజము, దురైకన్ను సోదరులవద్ద ఆ బాణిని క్రమముగా అభ్యసించిరి. తుదకు శ్రీరంగమున స్థిరపడి, తాము నేర్చినదానిని శిష్యులకు ధారపోసిరి. 1998లో సంగీత కళానిధి బిరుదము వారిని వరించెను. ఇతరుల శైలిని మెచ్చినవారు దాని మూలమునకు పోయి నేర్చుకొనవలెను. పైపై మెరుగులను అనుకరించినచో మిగులునది నకలు మాత్రమే.

మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారిది వేరొక మార్గము. 1930లో జన్మించిన వీరు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారి శిష్యులు. పంతులు గారు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి గారి శిష్యులు. శాస్త్రిగారు మానంబుచావడి వెంకటసుబ్బయ్య గారి శిష్యులు. వెంకటసుబ్బయ్య గారు త్యాగరాజస్వామి శిష్యులు. ఇట్టి పరంపరలో పెరిగి, ఎనిమిదవ యేట విజయవాడలో త్యాగరాజ ఆరాధనోత్సవములందు కచేరి చేసి, బాల్యము దాటుచుండగనే డెబ్బదిరెండు మేళకర్తలందును కృతులు రచించిరి. పిమ్మట నాలుగే స్వరములతో మహతి మున్నగు రాగములను కల్పింపగా సంప్రదాయవాదులు కొందరు ఆక్షేపించిరి. ఆ వాదమున ఎవరి పక్షము న్యాయమో ఇక్కడ తేల్ప నక్కరలేదు. క్రొత్త మార్గము త్రొక్కదలచినవారు గమనింపవలసిన దొక్కటే: డెబ్బదిరెండు మేళములను సాధించిన తరువాతనే ఆయన నాలుగు స్వరములతో చాలునని చెప్పగలిగిరి.

జీవనోపాధి విషయమున ఆకాశవాణి చేసిన మేలు ఇక్కడ చెప్పవలసియున్నది. 1938లో మదరాసు కేంద్రము, 1948లో విజయవాడ కేంద్రము ప్రారంభమయ్యెను. హైదరాబాదులోని దక్కను రేడియో 1950లో ఆకాశవాణిలో చేరెను. 1941లో మదరాసు కేంద్రమున చేరిన బాలాంత్రపు రజనీకాంతరావు గారు కవియు, స్వరకర్తయు, గాయకుడును తామే అయి లలిత సంగీతమునకు రూపు దిద్దిరి. ఆంధ్ర వాగ్గేయకారుల చరిత్రను వ్రాసి 1961లో సాహిత్య అకాడమీ బహుమానమును పొందిరి. 1952లో బి. వి. కేస్కర్ గారు సమాచార ప్రసార శాఖామాత్యులైన పిమ్మట సినిమా పాటల ప్రసారము తగ్గి, శాస్త్రీయ, లలిత సంగీతములకు ప్రోత్సాహము హెచ్చెను. పరీక్షలో నెగ్గిన కళాకారులకు శ్రేణి నిర్ణయించి పారితోషికమిచ్చు పద్ధతివలన, పల్లెలోని విద్వాంసునకు సైతము ఎవరి సిఫారసు లేకయే పాడు అవకాశము కలిగెను.

వేరొక దారి కూడ కలదు. శ్రీపాద పినాకపాణి గారు 1913లో జన్మించి వైద్యవిద్యలో ఉన్నత పట్టమును పొంది, కర్నూలు వైద్యకళాశాలలో ఆచార్యులుగా పనిచేసిరి. వైద్యము వారికి అన్నము పెట్టినది. అందుచే సంగీతమును అమ్ముకొనవలసిన అవసరము వారికి కలుగలేదు. కచేరీలలో విన్న మహావిద్వాంసుల బాణీలను లోతుగా పరిశీలించి, కృతులను సూక్ష్మమైన గమకములతో సహా స్వరపరచి వ్రాసిరి. నేదునూరి కృష్ణమూర్తి, ఓలేటి వెంకటేశ్వర్లు, నూకల చినసత్యనారాయణ, శ్రీరంగం గోపాలరత్నం గారలు వారి శిష్యులు. 2013లో నూరవయేట కన్నుమూయువరకు వారి విద్య నిండుగా ప్రవహించెను. వేరొక ఉద్యోగము చేయుట కళాద్రోహమని భావించు యువకులు ఈ వైద్యుని జీవితమును తప్పక తెలిసికొనవలెను.

ఈ జీవితములనుండి క్రొత్తవారు గ్రహింపదగినవి కొన్ని చెప్పి విరమింతుము. గురువు ఒకరుండవలెను, వినుట పదిమందిని వినవలెను. సరళీ, జంట స్వరములను, అలంకారములను మూడు కాలములలో అకారముతో ప్రతిదినము సాధన చేయవలెను. పేరుపొందిన గాయకుని శ్రుతిలో పాడబోయి గొంతు చెరుపుకొనక, తన గొంతునకు ఇమిడిన శ్రుతిని గురువుచే నిర్ణయించుకొనవలెను. సాహిత్యమున పదచ్ఛేదము, అర్థము తెలియక ఏ కీర్తనను సభలో పాడరాదు.

నేడు చేతిలోని ఫోనులో పాడి క్షణములో లోకమునకు వినిపింపవచ్చును. ఇది గొప్ప సౌకర్యమే. కాని పూర్వము సభలో ముందు వరుసను కూర్చున్న వృద్ధ రసికుడు అపస్వరము విని ముఖము చిట్లించుకొనెడివాడు. ఫోనునకు ఆ ముఖము లేదు. కావున పాడినదానిని వెంటనే పంపక, మరునాటి ఉదయమున తంబురా శ్రుతితో మరల విని, గురువునకు వినిపించి పిమ్మట బయటపెట్టుట మంచిది.

సంతకము విషయమునను జాగ్రత్త వలయును. 1957 నాటి కాపీరైటు చట్టము ప్రకారము స్వరకర్తకును, గీతరచయితకును తమ రచనపై హక్కు జీవితకాలమును, మరణానంతరము అరువది సంవత్సరములును ఉండును. పాట రికార్డుగా వెలువడి ఆదాయము తెచ్చునపుడు వారికి రావలసిన రాయల్టీ భాగమును వదులుకొందుమని వ్రాయించుకొన్నను చెల్లకుండునట్లు 2012లో ఆ చట్టమును సవరించిరి. గాయకులకును తమ గానముపై ఏబది సంవత్సరముల హక్కు కలదు. ఈ మాట తెలియక మొదటి అవకాశమన్న సంబరముతో చదువక సంతకము చేయువారెందరో! ఒప్పందపత్రమును ఇంటికి తెచ్చుకొని, తెలిసినవారిచేత చదివించుకొని మరీ సంతకము చేయవలెను.

తొలి కచేరికి పెద్ద సభ దొరకలేదని చింతింపనక్కరలేదు. మీ ఊరి గ్రంథాలయమున్నది, పాఠశాల ఉన్నది, శ్రీరామనవమి పందిరి ఉన్నది. అక్కడ పాడుడు. ఇరువదిమంది కూర్చుండి చివరివరకు వినినచో, మరుసటి యేడు వారే మిమ్ము పిలుతురు. తలిదండ్రులకు మా మనవి యేమనగా, పిల్లల చదువును మాన్పింపకుడు. సాధనను కూడ మాన్పింపకుడు. రెండును సాగినచో ఏది అన్నము పెట్టునో, ఏది తృప్తినిచ్చునో కొన్నియేండ్లలో వారికే తెలియును.