షోలాపూరు ఇండ్లు, షెడ్లు అద్దెకిచ్చువారికి

షోలాపూరు తూర్పుభాగమున తరతరములుగా స్థిరపడిన మనవారిలో కొందరు, పిల్లల ఉద్యోగములవెంట పూణేకో హైదరాబాదుకో పోవుచున్నారు. ఇక్కడి ఇల్లును, మగ్గముల షెడ్డును తెలిసినవారికి అద్దెకిచ్చి పోవుదురు. పుచ్చుకొన్నవాడు మనవాడే, అడ్వాన్సు చేతికిచ్చినాడు, ఇక కాగితమెందుకందురు. ఆ కాగితమును గూర్చియే ఇక్కడ నాలుగు మాటలు చెప్పదలచినాము.

పదకొండు నెలలకు వ్రాసుకొన్నచో రిజిస్ట్రేషను అక్కరలేదను మాట మనలో బాగుగా నాటుకొన్నది. అది 1908 నాటి కేంద్ర రిజిస్ట్రేషను చట్టమునుండి పుట్టిన మాట, మహారాష్ట్రమున చెల్లదు. ఇచ్చటి అద్దె నియంత్రణ చట్టము 1999లో చేయబడి 2000 మార్చి 31 నుండి అమలునకు వచ్చినది. దాని 55వ సెక్షను ప్రకారము అద్దె ఒడంబడికయైనను, లీవ్ అండ్ లైసెన్సు ఒడంబడికయైనను, ఎన్ని నెలలకైనను వ్రాతమూలకముగా ఉండి రిజిస్టరు కావలెను. ఆ బాధ్యత యజమానిది. తప్పినచో మూడు నెలలవరకు ఖైదు, లేక 5,000 రూపాయలవరకు జరిమానా, లేక రెండును.

అంతకంటె భారమైన సంగతి మరొకటి కలదు. రిజిస్టరయిన పత్రము లేనప్పుడు తగవు వచ్చినచో, షరతులను గూర్చి అద్దెకున్నవాడు చెప్పినదే కోర్టులో నిలుచును. కాదని ఋజువుపరచుకొనవలసినది యజమానియే. నెలకు మూడువేలే మాట్లాడుకొన్నామని అతడన్నచో, పూణేలో కూర్చున్న యజమాని అయిదువేలని దేనితో చూపగలడు?

లీవ్ అండ్ లైసెన్సు పద్ధతియన్న యజమానులకు వెనుకటి భయమొకటి ఉండెడిది. 1947 నాటి బొంబాయి అద్దె చట్టమునకు వచ్చిన సవరణవలన, 1973 ఫిబ్రవరి 1 నాటికి లైసెన్సుపై స్వాధీనమందున్నవారు కిరాయిదారులైపోయిరి. ఇప్పటి చట్టపు 24వ సెక్షను ఆ భయమును చాలవరకు తీర్చినది. నివాసమునకిచ్చిన లైసెన్సు గడువు ముగిసినను ఖాళీ చేయనివాడు, లైసెన్సు రుసుమునకు రెట్టింపు నష్టపరిహారము కట్టవలెను. యజమాని నేరుగా సంబంధిత అధికారియొద్దకే దరఖాస్తుతో పోవచ్చును.

"నివాసమునకు" అను ఆ ఒక్క మాటయొద్దనే మనవారికి చిక్కు. ముందుగదిలో మగ్గము, వెనుకగదిలో కాపురము మన వాడుక. పత్రములో నివాసమని మాత్రమే వ్రాసి లోపల మగ్గములాడించినచో ఇరువురకును తగవే. షెడ్డుకు 24వ సెక్షను దారి లేదు గనుక, ఇంటికొకటి, షెడ్డుకొకటి వేరువేరు పత్రములు వ్రాయించుట మేలని మా అభిప్రాయము. గుంటమగ్గమునకు నేల త్రవ్వినచో పోవునప్పుడు పూడ్చవలసినదెవరు, పవర్‌లూములకు బిగించిన బోల్టులవలన గచ్చు పగిలినచో బాగుచేయవలసినదెవరు, కరెంటు బిల్లు ఎవరి పేర వచ్చును, వదిలిపోవునాటి బాకీ డిపాజిట్టులో పట్టుకొనవచ్చునా అనునవి వ్రాయకుండ విడువరాదు. డిపాజిట్టు తగవులలో సగము ఇక్కడనే పుట్టుననిన అతిశయోక్తి కాదు.

అద్దెకున్నవారి పక్షముననుకూడ చట్టము మాట్లాడుచున్నది. వేరు ఒప్పందము లేనిచో ఇంటి మరమ్మతు యజమానిదే. నోటీసిచ్చి పదునైదు దినములకు తక్కువకాని గడువిచ్చినను చేయించనియెడల, కిరాయిదారుడు తానే చేయించి ఖర్చును అద్దెలో తగ్గించుకొనవచ్చును. కాని ఏడాదికి ఆ ఏటి అద్దెలో నాలుగవవంతు మించరాదు. అద్దె ముట్టినందుకు రశీదు ఈయవలెను. ఖాళీ చేయలేదన్న కోపముతో నీళ్లు, కరెంటు ఆపుట నేరము. ఇది మనవారు కొందరు చేసెడి పనియే.

ఖర్చు జూచి వెనుదీయ పనిలేదు. అరువది నెలలవరకు లైసెన్సు పత్రమునకు స్టాంపు సుంకము, ఆ కాలపు మొత్తము రుసుమును డిపాజిట్టుపై లెక్కగట్టు వడ్డీని కలిపిన మొత్తముపై నూటికి పావలా మాత్రమే.

పత్రము తరచుగా మరాఠీలో ఉండును. మాట్లాడుట వచ్చినను ఆ లిపి చదువరాని పెద్దలు మనలో ఇంకను కలరు. అట్టివారు ఇంటిలోని పిల్లలచేత మొదటినుండి చివరివరకు చదివించుకొని, తెలుగులో అర్థము విని, పిమ్మట సంతకము చేయవలెను. రిజిస్టరయిన ప్రతి ఒకటి అద్దెకున్నవారి చేతికిని తప్పక ఈయవలెను.