డంజన్ అంటే నేలమాళిగేనా?

పిల్లల ఇంగ్లీషు కథల పుస్తకాల్లో 'డంజన్' అనే మాట మీ కంట పడే ఉంటుంది. అర్థం అడిగితే నేల కింద చెరసాల అని చెప్పేస్తాం. అది తప్పేమీ కాదు. కాని ఆ మాట పుట్టింది నేల కింద కాదండీ, కోటలో ఎత్తైన చోట.

ఫ్రెంచి వాళ్లకు 'దొంజొన్' అంటే కోట నడుమ ప్రభువు ఉండే పెద్ద బురుజు. నేటికీ వాళ్లకు అదే అర్థం. దానికి మూలం 'దొమినుస్', అంటే లాటిన్‌లో యజమాని. యజమానురాలైతే 'దొమినా'. బజారుకు వెళితే మనల్ని 'మేడమ్' అని పిలుస్తారే, ఆ మాటా ఈ దొమినా నుంచి వచ్చిందే! మేడమ్‌కూ చెరసాలకూ చుట్టరికమా అని నవ్వుకోకండి, ఉంది మరి.

ప్రభువు ఉండే చోటు ఖైదీలుండే చోటు ఎలా అయింది? ఆ బురుజుకు గోడలు మందం, దారి ఇరుకు. పగవాడు లోపలికి రాకుండా కట్టింది, లోపలివాడు బయటికి పోకుండానూ పనికొచ్చింది. ప్రభువులు గాలీ వెలుతురూ ఉండే భవనాలకు మారిపోయారు. ఇంగ్లీషులో ఆ పేరు చెరకు మిగిలి, చివరకు అడుగున ఉండే చీకటి గదికి స్థిరపడింది.

మన కర్నూలు నడిబొడ్డున కొండారెడ్డి బురుజు లేదూ? దాన్ని కొండారెడ్డి కట్టించాడనుకునేరు! 16వ శతాబ్దంలో విజయనగర రాజు అచ్యుతదేవరాయలు కట్టించాడంటారు. కొండారెడ్డి తుంగభద్ర అవతల ఉన్న అలంపురం పాలకుడు. తరువాతి శతాబ్దంలో కర్నూలు నేలిన గోపాలరాజు ఆయనను పట్టి ఈ బురుజులో పెట్టాడనీ, ఆయన అక్కడే కన్నుమూశాడనీ చెప్పుకుంటారు. కట్టించిన రాజు పేరు జనం నోట నిలవలేదు, ఖైదీ పేరే నిలిచింది. కడప జిల్లా గండికోటలో జైలని చూపించే రాతి కట్టడమూ నేల మీదే ఉంది.

ఇక నేల కింద గది ఎలా ఉంటుందో జొన్నల పాతర ఎరిగిన మన పెద్దవాళ్లను అడగండి. మూత తీసిన వెంటనే ఎవరినీ దిగనివ్వరు. లోపలి చెడుగాలి పోయేదాకా ఆగాల్సిందే, లేకుంటే ప్రాణం మీదికి వస్తుంది. పైన ఒక్క కంత మాత్రమే ఉండే చెరగుంతకు ఫ్రెంచి వాళ్లు వేరే పేరు పెట్టారు, 'ఊబ్లియెత్' అని. మరిచిపోవడం అనే మాట నుంచి వచ్చింది అది. మనిషిని లోపలికి దించి, మరిచిపోయే చోటన్నమాట.