రెండు మెట్ల నడుమ స్వరం

ఓరుగల్లు పెళ్లిళ్లలో, చర్చిల్లో ముప్పయ్యేళ్లుగా కీబోర్డు వాయిస్తున్నాను. జాజ్, బ్లూస్ ఎక్కడ నేర్చుకున్నావని అడిగేవారికి నా జవాబు వింతగా తోస్తుంది: జనగామ పక్కన మా మాదిగవాడలో, చిందు మేళం హార్మోనియం దగ్గర.

చిందోళ్లు మాదిగల ఆశ్రిత కులం. పంటలు ఇళ్లకు చేరాక మేళం మా వాడకు దిగేది. జాంబపురాణం ఆడే రాత్రి పిల్లలంతా కిరీటాలను, భుజకీర్తులను చూస్తుంటే నేను ఓ పక్కన కూర్చున్న హార్మోనియం తాతనే చూసేవాణ్ని. పాడేవాడి గొంతు స్వరానికీ స్వరానికీ నడుమ జారితే, తాత రెండు పక్క మెట్లను ఒక్కసారే తాకి ఆ జారుడును పట్టుకునేవాడు. భూమికంటే ముందు పుట్టిన జాంబవంతుడే మన మూలపురుషుడని మేళం రాత్రంతా చాటేది. తెల్లవారితే ఊరి హోటల్లో ఆ కళాకారులకే చాయ్ వేరే గ్లాసులో వచ్చేది.

పదో తరగతి తర్వాత పట్నం వచ్చి ఒక సంగీత గురువును ఆశ్రయించాను. ఊరు అడిగారు. ఊళ్లో ఏ వాడ అని అడిగారు. ‘మీవాళ్లకు డప్పు ఉంది కదా నాయనా’ అన్నారు. ఆ మాటలో తిట్టు లేదు. అందుకే ఎదురుచెప్పే చోటూ దొరకలేదు. డప్పు మా తాతముత్తాతల గౌరవం. ఆ గౌరవాన్నే తలుపు మూయడానికి గడియగా వాడవచ్చునని ఆ రోజు తెలిసింది. చివరకు నాకు కీబోర్డు దొరికింది చర్చిలో. ఆదివారం ఆరాధనలో కీర్తనలు, మిగతా రోజుల్లో పెళ్లి బ్యాండు. అదే నా కళాశాల, అదే నా కూడు.

ఆ రోజుల్లో ఒక మిత్రుడిచ్చిన క్యాసెట్లో నీనా సిమోన్‌ను విన్నాను. ఆమె అసలు పేరు యూనిస్ వేమన్. 1933లో అమెరికాలోని నార్త్ కరోలినాలో పేద నల్లజాతి కుటుంబంలో పుట్టింది. తల్లి బోధకురాలు, బిడ్డ చర్చిలో పియానో వాయించింది. బాఖ్‌ను వాయించే శాస్త్రీయ కళాకారిణి కావాలన్నది ఆమె ఆశ. 1951లో ఫిలడెల్ఫియాలోని కర్టిస్ సంగీత విద్యాలయం ఆమెను చేర్చుకోలేదు. తన రంగే కారణమని ఆమె కడదాకా నమ్మింది. 1954లో అట్లాంటిక్ సిటీలోని ఒక బారులో వాయించే పనికి కుదిరి, ఆ సంగతి తల్లికి తెలియకూడదని పేరు మార్చుకుంది. ఆ తర్వాత వర్ణవివక్ష మీద నిప్పులు చెరిగే పాటలతో లోకమెరిగిన కళాకారిణి అయింది. 2003లో, మరణానికి కొద్ది రోజుల ముందు, అదే విద్యాలయం ఆమెకు గౌరవ పట్టా ప్రకటించింది. మూసిన తలుపు తెరవడానికి 52 ఏళ్లు పట్టింది.

బ్లూస్‌కు ప్రాణం మెట్టుకూ మెట్టుకూ నడుమ నిలిచే స్వరం. పియానోలో దానికి చోటు లేదు. నల్లజాతి వాద్యకారులు రెండు పక్క మెట్లను నలిపినట్టు కలిపి మోగించి ఆ చోటు కల్పించుకున్నారు. క్యాసెట్లో అది విన్నప్పుడు నాకు మా తాత వేళ్లు కనిపించాయి. వాద్యం తమ గొంతుకు చోటివ్వనప్పుడు, ఒకరినొకరు ఎరుగని రెండు జాతులు ఒకే ఉపాయం కనిపెట్టాయి.

హార్మోనియం కథ కూడా వెలి కథే. ఐరోపాలో పుట్టిన ఆ వాద్యాన్ని నేలమీద కూర్చుని చేత్తో తిత్తి ఊదేలా 1875లో కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ మలిచాడు. మన సంగీతంలోని గమకాలు దాని మీద పలకవంటూ 1940లో ఆలిండియా రేడియో దాన్ని నిషేధించింది. 1971లో గానీ ఆంక్షలు సడలలేదు. ఆ ముప్పయ్యేళ్లూ రేడియో గుమ్మం బయట నాటకాల వాళ్లు, భజన మండళ్లు, చిందు మేళాలు దాన్ని కాపాడుకున్నాయి. పలకదని పండితులు తీర్పు చెప్పిన చోట పలికించే విద్య వాడలో ఉంది. ఆ విద్యను అడిగినవారే లేరు.

2022లో పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగిలయ్యకు, 2024లో మా జనగామ జిల్లా చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు పద్మశ్రీ వచ్చింది. ఐదు దశాబ్దాల్లో 19 వేలకు పైగా ప్రదర్శనలిచ్చిన సమ్మయ్య పేరు విన్నప్పుడు మా వాడంతా పండుగ చేసుకుంది. అయితే పురస్కారం మనిషిని చేరుతుంది, విద్యను చేరదు. బానిసల బిడ్డల సంగీతమైన జాజ్ నేడు అమెరికా విశ్వవిద్యాలయాల్లో పట్టా చదువు, దాన్ని వాయించేవారే అక్కడ ఆచార్యులు. మన దగ్గర ‘జానపదం’ అన్న ఒక్క మాటతో ఈ విద్యను పరిశోధనా వస్తువుగా పక్కన పెడతాం. వస్తువుకు మ్యూజియం చాలు, విద్యకు గురుపీఠం కావాలి.

ఓరుగల్లులో సంగీత నృత్య కళాశాల ఉంది, తెలుగు విశ్వవిద్యాలయం వారి జానపద గిరిజన విజ్ఞాన పీఠం ఉంది. చిందు, డక్కలి, బైండ్ల కళాకారులను డిగ్రీల నిబంధన లేకుండా అధ్యాపకులుగా కూర్చోబెట్టడానికి కొత్త భవనం అక్కర్లేదు. కుర్చీ ఎవరిదన్న ప్రశ్నకు కొత్త జవాబు కావాలి.

హార్మోనియం తాత ఏ పోస్టరు మీదా పేరు లేకుండానే వెళ్లిపోయాడు. ఆయన మనుమడు ఇప్పుడు నా దగ్గరికి కీబోర్డు నేర్చుకోవడానికి వస్తున్నాడు. అతనికి నేను చెప్పేది వాళ్ల తాత విద్యే. ఆ పిల్లవాడు దానికొక పట్టా అందుకోవడానికి మరో 52 ఏళ్లు ఆగాలా?