పల్లెకూ సోకింది, లెక్కకు అందలేదు

కొవిడ్ మహమ్మారి పట్టణాన్నీ పల్లెనూ విడిచిపెట్టలేదు. అయితే వ్యాధి సోకిందని తెలుసుకునే అవకాశం, చికిత్స పొందే వీలు, మరణిస్తే ఆ మరణం లెక్కలోకి రావడం మాత్రం రెండు చోట్లా ఒకే రీతిలో జరగలేదు.

2020 మార్చి 24 రాత్రి ప్రకటించిన లాక్‌డౌన్ నాలుగు గంటల వ్యవధిలోనే అమలులోకి వచ్చింది. పనులు నిలిచిపోవడంతో నగరాలలోని వలస కూలీలకు సొంత ఊరే శరణ్యమైంది. రైళ్లు, బస్సులు లేక లక్షలాది మంది కాలినడకన బయలుదేరారు. మే 1న తొలి శ్రామిక్ ప్రత్యేక రైలు తెలంగాణలోని లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు కదిలింది. ఆ తర్వాత వారం రోజులకే మహారాష్ట్రలోని ఔరంగాబాద్ సమీపంలో, నడిచి నడిచి అలసి పట్టాలపై నిద్రించిన 16 మంది కూలీలు గూడ్సు బండి కింద పడి మరణించారు. స్వరాష్ట్రాలకు తిరిగివెళ్లినవారు కోటీ 4 లక్షల మందికి పైగా ఉన్నారని ఆ సెప్టెంబరులో కేంద్రం పార్లమెంటుకు తెలియజేసింది.

వారికి పల్లె ఆశ్రయమిచ్చింది. 2020 ఏప్రిల్-జూన్ మధ్య స్థూల దేశీయోత్పత్తి తొలి అంచనాల ప్రకారం 23.9 శాతం క్షీణించగా, వ్యవసాయం 3.4 శాతం వృద్ధి సాధించింది. అంతకు ముందు ఏడాది ఐదున్నర కోట్ల లోపు కుటుంబాలకు పని కల్పించిన గ్రామీణ ఉపాధి హామీ పథకం 2020-21లో ఏడున్నర కోట్ల కుటుంబాలను ఆదుకున్నది.

చెరిగిపోయిన అంతరం

తొలి దశలో వ్యాధి ప్రధానంగా నగరాలను, అందులోనూ ఇరుకు బస్తీలను పీడించింది. 2020 జూలైలో ముంబైలోని మూడు వార్డులలో జరిపిన సర్వేలో మురికివాడలలో 57 శాతం మందికి, ఇతర నివాసాలలో 16 శాతం మందికి యాంటీబాడీలు కనిపించాయి. భారత వైద్య పరిశోధన మండలి ఆ ఆగస్టు-సెప్టెంబరులలో జరిపిన దేశవ్యాప్త సర్వేలో గ్రామాలలో ఈ సంఖ్య 4.4 శాతమే. 2021 జూన్-జూలై నాటికి అది గ్రామాలలో 66.7 శాతానికి, పట్టణాలలో 69.6 శాతానికి చేరింది. టీకాల వల్ల ఏర్పడిన యాంటీబాడీలు కూడా ఇందులో కలిసి ఉన్నప్పటికీ, పట్టణానికీ పల్లెకూ మధ్య అంతరం దాదాపు చెరిగిపోయిందన్నది స్పష్టం.

చికిత్సలో మాత్రం అంతరం చెరగలేదు. ఆ వేసవిలో నగరవాసులు ఆక్సిజన్ కోసం, ఆసుపత్రిలో పడక కోసం పరుగులు తీశారు. గ్రామీణులకు అసలు ఆసుపత్రే దూరం. గ్రామీణ సామాజిక ఆరోగ్య కేంద్రాలలో అవసరమైన నిపుణ వైద్యులలో నాలుగింట మూడు వంతుల మంది లేరు. ఉత్తరప్రదేశ్‌లోని చిన్న పట్టణాలలో, గ్రామాలలో వైద్యం దైవాధీనంగా ఉన్నదని అలహాబాద్ హైకోర్టు 2021 మేలో వ్యాఖ్యానించింది. అదే నెలలో 18 నుంచి 44 ఏళ్ల వారికి టీకా ప్రారంభమైనప్పుడు కోవిన్‌లో ముందస్తు నమోదు తప్పనిసరి చేశారు. ఇంటర్నెట్ అందుబాటులో లేని గ్రామీణుల గతేమిటని సుప్రీంకోర్టు ప్రశ్నించింది. అనంతరం టీకా కేంద్రాలలోనే నమోదుకు వీలు కల్పించారు.

కాగితం లేని మరణాలు

2021లో దేశంలో నమోదైన మొత్తం మరణాలు కోటీ 2 లక్షలు. అంతకు ముందు ఏడాది కన్నా ఇవి సుమారు 21 లక్షలు ఎక్కువ. ఆ ఏడాది అధికారిక కొవిడ్ మరణాలు సుమారు 3.3 లక్షలు మాత్రమే. పెరిగిన మరణాలన్నిటికీ కొవిడే కారణమని చెప్పలేము. కాదని చెప్పేందుకూ ఆధారం లేదు. ఎందుకంటే వైద్యులు కారణాన్ని ధ్రువీకరించిన మరణాలు ఆ ఏడాది 23.4 శాతమే.

సుప్రీంకోర్టు ఆదేశాలతో మృతుల కుటుంబాలకు రూ.50 వేల సహాయం మంజూరైంది. దానికి పరీక్ష ఫలితమో, ఆసుపత్రి నిర్ధారణో ఆధారం కావాలి. జిల్లా కమిటీకి మొరపెట్టుకునే వీలున్నా, పరీక్షే జరగక ఇంట్లోనే కన్నుమూసిన వ్యక్తి కుటుంబం ఏ కాగితం చూపగలదు? పరీక్షా సదుపాయం, మరణ కారణాన్ని ధ్రువీకరించే వైద్యుడు పల్లెకు అందుబాటులో లేనంత కాలం, మరో మహమ్మారి వచ్చినా అక్కడి మరణాలు లెక్కకు అందవు.