చెప్పే ముందు ఒక సంతకం

ఒక ఇంట్లో పంజాబీ, పక్కింట్లో తమిళం వినిపించడం మన క్వార్టర్స్‌లో మామూలే. అలాంటి ఇరుగుపొరుగు కుటుంబాల మీదే ఆర్.జి. ఆనంద్ 1953లో ‘హమ్ హిందుస్తానీ’ అనే నాటకం రాశారు. ప్రాంతాలు వేరని పెద్దలు పిల్లల పెళ్లికి అడ్డుపడతారు. 1955లో ఆనంద్ ఈ నాటకాన్ని ఒక సినిమా దర్శకుడికి చదివి వినిపించారు. 1956లో ఆ దర్శకుడి సినిమా ‘న్యూఢిల్లీ’ విడుదలైంది. అందులోనూ పంజాబీ, మద్రాసీ కుటుంబాలే! తన నాటకాన్ని కాపీ చేశారని ఆనంద్ కోర్టుకెక్కారు. చివరికి 1978లో సుప్రీంకోర్టులోనూ ఓడిపోయారు.

ఎందుకు? కాపీరైట్ కాపాడేది ఆలోచనను కాదు, ఆ ఆలోచనకు మనమిచ్చిన రూపాన్ని. అంటే రాసిన మాటలను, అల్లిన సన్నివేశాలను, గీసిన బొమ్మను. ఇతివృత్తం ఒకటే అయినా సినిమా ఆ నాటకానికి నకలు కాదని కోర్టు తేల్చింది.

మరి ఇంకా బయటికి రాని ఆలోచనకు రక్షణ ఏది? దానికే గోప్యతా ఒప్పందం. కథ వినేవారు వినకముందే దానిపై సంతకం చేస్తారు. ఏ విషయం రహస్యం, దాన్ని ఎందుకు చూపిస్తున్నారు, ఎంతకాలం బయటపెట్టకూడదు, ప్రతులు ఎప్పుడు తిరిగివ్వాలి అన్నవి అందులో ఉంటాయి. అయితే అందరికీ ముందే తెలిసిన విషయాన్ని ఏ ఒప్పందమూ రహస్యంగా మార్చలేదు.

2003లో బొంబాయి హైకోర్టు ముందుకు ఇలాంటి వివాదమే వచ్చింది. ఒక సంస్థ తన సీరియల్ ఆలోచనను నమ్మకంతో ఒక టీవీ ఛానల్‌కు చెప్పింది. తర్వాత ఆ ఛానల్ అలాంటి సీరియల్‌నే సిద్ధం చేసింది. నమ్మి చెప్పినదాన్ని అనుమతి లేకుండా వాడుకోకూడదంటూ, ఆ సీరియల్‌ను ఆపాలన్న ఉత్తర్వును కోర్టు సమర్థించింది. నమ్మకం కాగితం మీద ఉంటే నిరూపించడం తేలిక.

మన దేశంలో 18 ఏళ్లు నిండనివారు చేసుకున్న ఒప్పందం చెల్లదు. కాబట్టి మీ కథనో, బొమ్మనో ఎవరైనా అడిగితే ముందు అమ్మానాన్నలకు చెప్పండి. గోప్యత పేరుతో ఎవరైనా తప్పును దాచమంటే మాత్రం అస్సలు దాచకండి.

ఒప్పందం లేకపోయినా ఒక పని మీ చేతిలో ఉంది. రాసిన ప్రతి పేజీ మీద తేదీ వేయండి, ఎవరికి చూపించారో పక్కన రాసుకోండి. నాన్నకో అమ్మకో బదిలీ అయి సామాను సర్దేటప్పుడు ఆ నోటుబుక్కును మాత్రం పాత పేపర్లతో కలిపి అమ్మేయనివ్వకండి!