మీకు తెలుసా? నిప్పు నోటి లోపల

చుట్ట వెలిగించి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని, పెదవులు మూసి పొగ పీల్చే అలవాటు ఒకటుంది. నోటి జబ్బుల గురించి రాసిన పెద్ద పుస్తకం ఏది తెరిచినా ఈ అలవాటు దగ్గర ఒక ప్రాంతం పేరు కనిపిస్తుంది. అది మన ఉత్తరాంధ్ర తీరమని మీకు తెలుసా? శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల పల్లెల్లో దీన్ని అడ్డపొగ అంటారు. మన అనకాపల్లి 2022 ఏప్రిల్ 4 దాకా విశాఖ జిల్లాలో భాగమే. అంటే ఇది మన ఇంటి విషయం.

అడ్డపొగలో గాలి చుట్ట వెలగని కొస నుంచి లోపలికి వస్తుంది, నిప్పు దగ్గర కాగుతుంది, పొగ నేరుగా అంగిలిని తాకుతుంది. బూడిదను కొందరు ఉమ్మేస్తారు, కొందరు మింగేస్తారు. పెదవుల తడికి చుట్ట నెమ్మదిగా కాలుతుంది. రెండు నిమిషాల్లో అయిపోవాల్సింది పద్దెనిమిది నిమిషాల దాకా వస్తుందని లెక్క కట్టినవాళ్లున్నారు. అందుకే చాలామంది రోజుకు రెండు చుట్టలతో సరిపెట్టుకుంటారు. 'రోజుకు రెండే కదా' అన్న ధీమా అక్కడి నుంచే వస్తుంది. ఆ రెండూ ఎంతసేపు నోట్లో ఉన్నాయన్నది ఎవరూ లెక్క పెట్టరు.

ఎందుకిలా తాగుతారని అడిగితే చెప్పే కారణాలు వింటే కష్టజీవుల బతుకు కళ్లకు కడుతుంది. సముద్రపు గాలికి నిప్పు ఆరిపోదు. వానకు తడవదు. చంకలో బిడ్డ మీద నిప్పురవ్వ పడదు. రెండు చేతులూ పనికి ఖాళీగా ఉంటాయి. చుట్ట పొదుపవుతుంది. వీటన్నిటికీ ముందు, అమ్మ తాగుతుంటే చూసి కూతురు నేర్చుకుంది. ఇక్కడే ఒక విశేషం ఉంది. కన్యాశుల్కంలో గిరీశం మొదలుకుని మన సాహిత్యంలో చుట్ట ఎక్కువగా మగవాళ్ల చేతుల్లోనే కనిపిస్తుంది. తీరప్రాంతంలో నిప్పును లోపల పెట్టుకున్నది మాత్రం ఎక్కువగా ఆడవాళ్లు. చేపల గంపలు మోసినవాళ్లు, నాట్లు వేసినవాళ్లు, కలుపు తీసినవాళ్లు.

మన దగ్గరే ఉందనుకోకండి. ఇటలీకి చెందిన సార్డీనియా ద్వీపంలో, పనామాలో, కొలంబియాలో, వెనెజువెలాలో, ఫిలిప్పీన్స్‌లో కూడా ఇలా తాగేవాళ్లున్నారు. ఒకరికొకరు తెలియని ఆడవాళ్లు ఇన్ని తీరాల్లో ఒకే పని చేయడం నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది.

అంగిలి క్యాన్సర్ ప్రపంచంలో చాలా చోట్ల అరుదు. మన తీరంలో అది అరుదు కాకపోవడమే డాక్టర్లను ఇటు తిప్పింది. బొంబాయి టాటా స్మారక ఆసుపత్రి పాథాలజిస్టు వి.ఆర్.ఖనోల్కర్ 1945లో అలవాట్ల వల్ల వచ్చే క్యాన్సర్ల గురించి రాసినప్పుడు చుట్ట వల్ల అంగిలికి వచ్చేదాన్నీ అందులో చేర్చారు. 1957లో విశాఖపట్నం నుంచి డి.జె.రెడ్డి, వి.కె.రావు కోస్తాంధ్రలో అంగిలి క్యాన్సర్‌కీ, నిప్పు లోపల పెట్టుకుని చుట్ట తాగడానికీ ఉన్న సంబంధం మీద పరిశోధనా వ్యాసం ప్రచురించారు. ఆ తర్వాత డెన్మార్క్ నిపుణుడు పిండ్‌బోర్గ్, బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్ దంత పరిశోధకులు ఫాలీ మెహతా తదితరులు కలిసి శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో 10,169 మంది నోళ్లు తెరిపించి చూశారు. 1971లో అచ్చయిన ఆ లెక్క ప్రకారం వాళ్లలో 43.8 శాతం మంది అడ్డపొగ తాగేవాళ్లే. దాదాపు ప్రతి ఇద్దరిలో ఒకరు.

అడ్డపొగ తాగేటప్పుడు నోటి లోపలి గాలి 120 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కవచ్చని తేలింది. నీళ్లు మరిగేది 100 డిగ్రీలకు. అంత వేడికి నోరు బొబ్బలెక్కదా అని ఎవరికైనా సందేహం వస్తుంది. లోపలికి వెళ్లే గాలి, పెదవుల తడి, నిప్పుకూ అంగిలికీ మధ్య ఉన్న కాస్త ఎడం వల్ల అప్పటికప్పుడు కాలదు. కానీ ఏళ్ల తరబడి వేడీ, పొగాకు విషాలూ ఒకే చోట తగులుతుంటే అంగిలి చర్మం మందంగా, తెల్లగా మారుతుంది. ఆ తెల్లదనం మీద ఎర్రటి చుక్కలు కనిపిస్తాయి. అవి ఉమ్మి ఊరే చిన్న గ్రంథుల నోళ్లు. కొందరికి నల్లమచ్చలు వస్తాయి, కొందరికి సహజమైన రంగు పోయి తెల్లబారుతుంది, కొందరికి ఎర్రగా పుండులా ఉంటుంది. వీటిలో ఎర్రటి మచ్చనూ, మానని పుండునూ చూసి డాక్టర్లు ఎక్కువ జాగ్రత్త పడతారు. మామూలుగా పైపు, సిగార్ తాగేవాళ్ల అంగిలి మీదా తెల్లటి మార్పు వస్తుంది, కానీ అది క్యాన్సర్‌గా మారడం బహు అరుదు. అడ్డపొగ తాగేవాళ్లలో వచ్చేదానికి ఆ భరోసా లేదు.

ఇవన్నీ జరుగుతున్నా చాలాకాలం నొప్పి ఉండదు. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. అంగిలిని మనంతట మనం చూసుకోం. అద్దంలో పళ్లు కనిపిస్తాయి, నాలుక కనిపిస్తుంది. అంగిలి కనిపించాలంటే తల వెనక్కి వాల్చాలి, ఎవరో ఒకరు టార్చిలైటు వేయాలి.

పొగాకు పళ్ల చిగుళ్లకు చేసేది కూడా ఇలాగే దాగి ఉంటుంది. చిగుళ్ల జబ్బుకు మొదటి గుర్తు తోముకునేటప్పుడు నెత్తురు రావడం. పొగాకు చిగుళ్లలోని సన్నటి రక్తనాళాలను కుదించడంతో పొగ తాగేవాళ్లకు నెత్తురు తక్కువగా వస్తుంది. లోపల ఎముక కరుగుతున్నా పైకి చిగుళ్లు బాగున్నట్టే కనిపిస్తాయి. పన్ను కదిలేదాకా ఆసుపత్రి గడప తొక్కకపోవడానికి ఇదొక కారణం. మానేసిన కొద్ది వారాల్లో కొందరికి చిగుళ్ల నుంచి నెత్తురు మొదలవుతుంది. 'మానేస్తే జబ్బు వచ్చింది' అని భయపడి మళ్లీ అంటిస్తారు. అప్పటిదాకా దాగి ఉన్న జబ్బు బయటపడుతోందని ఎవరైనా ముందే చెబితే ఆ భయం ఉండదు.

ఒడిశా వైపు వాడే గుడాకు గురించి వినే ఉంటారు. పొగాకును బెల్లపు పాకంతో కలిపి ముద్ద చేసి పళ్లు తోముకునే పదార్థమది. పళ్లు శుభ్రం చేసే పేస్టుల్లో, పొడుల్లో పొగాకు వాడకాన్ని కేంద్ర ప్రభుత్వం 1992లోనే నిషేధించింది. అయినా పల్లెల్లో వేలితో చిగుళ్లకు రుద్దే అలవాటు పూర్తిగా పోలేదు.

చుట్ట పాతతరం వ్యసనం. కుర్రవాళ్ల తరంలో భయపెడుతున్నది మెథాంఫెటమైన్ అనే మత్తుమందు. మెత్, ఐస్, క్రిస్టల్ అని పిలుస్తారు. దీన్ని 1893లో జపాన్ రసాయన శాస్త్రవేత్త నగాయ్ నాగయోషి తయారు చేశారు. ఇది వాడేవాళ్ల పళ్లు కొన్నేళ్లలోనే నల్లబడి, విరిగి, మొదళ్లు మాత్రం మిగులుతాయని మీకు తెలుసా? మందులోని ఆమ్లం పళ్లను తినేస్తుందని చాలామంది అనుకుంటారు. అదొక్కటే కారణమైతే సూదితో ఎక్కించుకునేవాళ్ల పళ్లు బాగుండాలి. వాళ్లవీ పాడవుతున్నాయి.

అసలు జరిగేది వేరు. ఆరోగ్యంగా ఉన్న మనిషికి రోజుకు అర లీటరు నుంచి లీటరున్నర దాకా ఉమ్మి ఊరుతుంది. తిన్న తీపిని నోట్లోని సూక్ష్మజీవులు ఆమ్లంగా మారుస్తాయి. ఆ పులుపు పెరిగి పీహెచ్ 5.5 కంటే కిందికి దిగితే పంటి మీది పింగాణీ పొర కరగడం మొదలవుతుంది. ఉమ్మి ఆ ఆమ్లాన్ని విరిచేస్తుంది, కరిగిన చోట కాల్షియం, ఫాస్ఫేట్ తిరిగి చేరుస్తుంది. మెత్ ఆ ఉమ్మినే ఎండగడుతుంది. నోరు పిడచగట్టుకుపోతుంటే చల్లటి తియ్యటి కూల్‌డ్రింకుల మీదికి మనసు పోతుంది. మత్తు గంటల తరబడి నిద్ర రానివ్వదు, ఆకలి వేయనివ్వదు, బ్రష్ గుర్తు రానివ్వదు. పైగా దవడలు బిగుసుకుని పళ్లు పటపట కొరుకుతారు. ఎండిన నోరు, తీపి, తోమని పళ్లు, కొరుకుడు. ఈ నాలుగూ కలిసినప్పుడు పన్ను చిగురును ఆనుకున్న చోట, బుగ్గవైపు, ముందుపళ్ల సందుల్లో ముందుగా పుచ్చుతుంది.

అమెరికాలో లాస్ ఏంజిల్స్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన వివేక్ శెట్టి బృందం 571 మంది మెత్ వాడకందారుల నోళ్లు పరీక్షించి 2015లో ఫలితాలు ప్రకటించింది. 96 శాతం మందికి పళ్లు పుచ్చాయి. 58 శాతం మందికి వైద్యం చేయించుకోని పుచ్చు ఉంది. 31 శాతం మందికి ఆరు పళ్లు, అంతకంటే ఎక్కువ ఊడిపోయాయి. పళ్లు కనబడతాయని నలుగురిలో నోరు తెరవలేక సిగ్గుపడేవాళ్లు పదిమందిలో నలుగురు. మత్తు మానినా ఆ సిగ్గు మిగులుతుంది. ఉద్యోగం అడగడానికి, మనుషుల్లో కలవడానికి అడ్డొస్తుంది. యూటా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2019లో మరో సంగతి చూపించారు. మత్తు మాన్పించే చికిత్సతో పాటు పళ్లు పూర్తిగా బాగు చేయించినవాళ్లలో చికిత్స చివరిదాకా కొనసాగించినవాళ్లు ఎక్కువ. డీఅడిక్షన్ కేంద్రాల్లో దంతవైద్యుడి కుర్చీ కూడా ఉండాలని నేను గట్టిగా నమ్మడానికి కారణం ఇదే.

ఇంట్లో పిల్లాడి మీద అనుమానం వచ్చిన తల్లిదండ్రులను ఆపేది పోలీసుల భయం. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టంలో 64ఏ అనే సెక్షన్ ఉందని చాలామందికి తెలియదు. అమ్మకం జోలికి పోకుండా వాడుకోవడానికే పరిమితమైన, చిన్న పరిమాణం కేసులో ఉన్న వ్యసనపరుడు తనంతట తానుగా ప్రభుత్వ గుర్తింపున్న కేంద్రంలో చికిత్సకు వెళ్తే ప్రాసిక్యూషన్ నుంచి మినహాయింపు దొరుకుతుంది. మెత్‌కు ఆ చిన్న పరిమాణం రెండు గ్రాములు. చికిత్సను మధ్యలో వదిలేస్తే మినహాయింపు పోవచ్చు. మత్తు మానడానికి సలహా కోసం జాతీయ హెల్ప్‌లైన్ 14446.

అనకాపల్లిలో ఉండి పళ్ల గురించి మాట్లాడుతూ బెల్లాన్ని వదిలేస్తే ఎలా? దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో ఒకటి మనది, 1913 నుంచి ఇక్కడ చెరకు మీద పరిశోధన సాగుతోంది. 'పంచదార పళ్లకు చేటు, బెల్లం మంచిదే' అనే మాట మన ఇళ్లలో బాగా వినిపిస్తుంది. బెల్లంలో ఎక్కువ భాగం పంచదారలో ఉన్న సుక్రోజే. సూక్ష్మజీవులకు రెండూ ఒకటే, పైగా బెల్లం పళ్ల సందుల్లో అతుక్కుని ఎక్కువసేపు ఉంటుంది. ఉమ్మి బాగా ఊరే నోరైతే భోజనంతో తిన్న ముక్క పెద్ద ఇబ్బంది కాదు. పొద్దస్తమానం బుగ్గన పెట్టుకుని చప్పరించడం, వయసు వల్లో మందుల వల్లో నోరు ఎండిపోయే పెద్దవాళ్లకు పదేపదే ఇవ్వడం మంచిది కాదు. తిన్నాక నీళ్లు పుక్కిలించినా చాలా మేలు.

ఇక అడ్డపొగ దగ్గరికి మళ్లీ వస్తాను, ఎందుకంటే అక్కడ చేయగలిగింది ఉంది. శ్రీకాకుళం, ఎర్నాకుళం, భావ్‌నగర్ జిల్లాల్లో 36 వేలకు పైగా పొగాకు వాడకందారులను ఏళ్ల తరబడి కలుస్తూ, నోరు చూస్తూ, మానమని చెబుతూ టాటా ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు చేసిన ప్రయత్నం ఫలితాలు 1986లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. చెప్పగా చెప్పగా మానినవాళ్లు, తగ్గించినవాళ్లు ఉన్నారు. మానినవాళ్ల నోట్లో మచ్చలు రావడం తగ్గింది. చదువుకోని ముసలమ్మలు మారరని అనేవాళ్లకు నేను ఈ అధ్యయనమే చూపిస్తాను.

జాతీయ ఆరోగ్య కార్యక్రమం కింద 30 ఏళ్లు దాటిన అందరికీ నోటి క్యాన్సర్ పరీక్ష ఉచితం. ఏఎన్‌ఎంలు, ఆశా కార్యకర్తలు ఊళ్లోనే పిలిచి చూస్తారు. గోడల మీద కనిపించే నోటి క్యాన్సర్ బొమ్మల్లో ఎక్కువగా బుగ్గ, నాలుక ఉంటాయి. గుట్కా తినే ప్రాంతాలకు అది సరిపోతుంది. మన తీరం వైపు ఆ టార్చిలైటు పైకి తిరగాలి. పూడిమడక నుంచి పాయకరావుపేట దాకా తీరపు పల్లెల్లో ఎవరైనా పెద్దావిడ పరీక్షకు వస్తే 'అమ్మా, ఎప్పుడైనా అడ్డపొగ తాగేవా?' అని అడగాలి. మానేసి పదేళ్లయినా అడగాలి. అవునంటే తల వెనక్కి వాల్చమని, కట్టుడు పళ్లుంటే తీయమని చెప్పి అంగిలి చూడాలి. తెలుపు, ఎరుపు, పుండు, గట్టిపడిన చోటు ఏదైనా రెండు వారాలకు మించి ఉంటే దంతవైద్యుడికి చూపించాలి. అవసరమైతే చిన్న ముక్క తీసి పరీక్షిస్తారు. అనకాపల్లి నుంచి విశాఖ వెళ్లే దారిలో అగనంపూడిలో టాటా స్మారక కేంద్రానికి చెందిన హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. పొగాకు మానాలనుకునేవాళ్లకు ఉచితంగా సలహా ఇచ్చే జాతీయ నంబరు 1800 11 2356.